జామాకు కషాయాన్ని తేర్చిన రెండు రోజులు

బోధన్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో ల్యాబు కెమిస్టుగా చేరిన తర్వాత అది నాకు రెండో గానుగ సీజను. ఆ చలికాలంలో మా అక్కకు విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడామె బాలింత. పాపకు రెండున్నర నెలలు. ఐదో నెల వచ్చాక బాల్కొండ దగ్గరి అత్తగారింటికి పంపాలని అనుకున్నారు. ఆ వారంలో ఏ రోజు ఏం జరిగిందో నాకు వరుసగా గుర్తుంది. గుర్తు లేనిది నోటుబుక్కులో ఉంది. ఎందుకు జరిగిందో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ముందు నా పని గురించి చెప్పాలి, ఎందుకంటే నేను చేసిన పొరపాటు ఆ పని నుంచే వచ్చింది. మిల్లు దగ్గరి నుంచి గంటకోసారి చెరుకు రసం శాంపిలు ల్యాబుకు వస్తుంది. చెరువు అడుగు నీళ్లలాగా ఉంటుంది. అందులో చక్కెర ఎంత ఉందో కొలవాలంటే రసాన్ని పొడుగాటి గాజు గొట్టంలో నింపి, దాని గుండా వెలుతురు పంపి చూడాలి. మసక రసంలోంచి వెలుతురు పోదు. అందుకని సీసం ఉప్పు పొడి చిటికెడు వేసి కలుపుతాం. రంగు, జిగురు, మట్టి అన్నీ ముద్ద కట్టి అడుక్కు దిగుతాయి. వడగడితే కింది బీకరులో తేట చుక్కలు పడతాయి. మా లెక్కలో ఏ ద్రవంలోనైనా ఉండేవి రెండే: చక్కెర, చక్కెర కానిది. రసంలోని లవణాలను కూడా కాల్చి తూచి పట్టికలో ‘బూడిద’ అని రాస్తాం. బూడిద ఎక్కువైతే చక్కెర సరిగా గింజ కట్టదు. రోజుకు ఎనిమిది గంటలు ఈ పని చేసేవాడికి తేటగా లేనిదల్లా మురికిగా కనపడుతుంది. నాకు అట్లాగే కనపడింది.

సోమవారం నాకు సెలవు. పొద్దున లేచేసరికి అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రాత్రంతా పెరట్లోకీ ఇంట్లోకీ తిరిగిందట. నేను నోటుబుక్కు తెచ్చుకున్నాను.

“ఎన్నిసార్లు పోయినవక్కా?”

“లెక్కపెట్టుకుంట కూసున్ననారా ఆడ?”

“సుమారుగా చెప్పు.”

“ఆరో ఏడో. ఆరున్నర అని రాసుకో.”

“ఏం రంగు?”

“ఓ అవ్వా, నీ కొడుకును పిలుచుకో. పెండ్లి గాని పిలగాడు ఏమడుగుతున్నడో సూడు.”

అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి దగ్గర్నుంచి రాలేదు. జామాకు తెంపుకొచ్చి కడుగుతోంది. నేను సైకిలెక్కి బోధన్ దవాఖానకు వెళ్లి అక్క సంగతి చెప్పాను. డాక్టరు మూడు రోజులకు తెల్లటి మాత్రలు రాసిచ్చాడు. ఏది తాగినా శుభ్రంగా ఉండాలి, మరిగించి ఇవ్వండి, దండిగా తాగించండి అన్నాడు. నా వెనక చాలామంది నిలబడి ఉన్నారు, అయినా ఆయన తొందరపడలేదు, మూడు మాటలూ స్పష్టంగానే చెప్పాడు. ఇంటికి వచ్చేసరికి నా చెవిలో మిగిలినవి మొదటి రెండే. మాత్రల పేరు మాత్రం అక్షరం పోకుండా రాసుకున్నాను.

దండిగా తాగించండి అన్న మాట మా ఇంట్లో చెప్పినా చెల్లేది కాదేమో. బాలింతకు మావాళ్లు నీళ్లు లెక్కపెట్టి ఇస్తారు. వాము వేసి కాచిన నీళ్లు, అన్నం తిన్నాక చిన్న గిలాసెడు, అంతే. నీళ్లు ఎక్కువైతే ఒళ్లు ఉబ్బుతుందనీ, పసిబిడ్డకు పడిశం పడుతుందనీ అవ్వ నమ్మకం. నేను పుట్టినప్పుడు కూడా అవ్వను అట్లాగే ఉంచారట. చెంబు అవ్వ దగ్గరే ఉండేది.

మంగళవారం పొద్దున్నే అవ్వ చేసిన కషాయాన్ని మొదటిసారి దగ్గరగా చూశాను. గంజు నిండా నీళ్లలో పిడికెడు లేత జామాకు వేసి ఉడికించింది. పసుపు కొమ్ములు ఉడికించాక గంజు అడుగున మిగిలే నీళ్ల రంగు వచ్చింది. అందులో పెద్ద బెల్లం గడ్డ, చేతికొచ్చినంత ఉప్పు వేసి, కొంగు అంచుతో వడగట్టింది. ఆకు నలుసులు తేలుతున్నాయి. బెల్లంలోని మట్టి అడుగున చేరింది.

“ఇదేంది అవ్వా, బురద నీళ్ల లెక్కుంది?”

“నువ్వు పుట్టకముందుకెంచి గిట్లనే ఉంది. ఇది తాగే పెరిగినవ్.”

“ఆకులో పనిచేసేది ఏదో ఒకటే ఉంటది. అది ఉంచి మిగతా మురికి తీసేస్తే జల్దీ తగ్గుతది.”

అవ్వ ఇంకేదో అనబోయింది. అక్క ఆపింది.

“చెయ్యనియ్యవ్వా. ఫ్యాక్టరీల చేసిన డ్యూటీ సాలదట. ఇంట్ల గూడ చేస్తడట.”

డాక్టరు శుభ్రంగా ఉండాలన్నాడు గదా అని గట్టిగా చెప్పాను. అవ్వ గంజు దించి పక్కకు జరిగింది. డాక్టరు పేరెత్తితే అవ్వ ఎదురు చెప్పదు.

సీసం మీదికి ఆలోచన పోయిన మాట నిజమే. కానీ సీసం విషం. దాని డబ్బా మీద ల్యాబులో ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. కాబట్టి ఫ్యాక్టరీలో పెద్ద తొట్లలో రసాన్ని తేర్చే పద్ధతికి వచ్చాను. అవ్వ తమలపాకుల్లోకి వాడే సున్నాన్ని నీళ్లలో కలిపి, వేడి కషాయంలో కొంచెం కొంచెం పోశాను. క్షణంలో పచ్చటి ముద్దలు కట్టి అడుక్కు దిగడం మొదలైంది. ల్యాబులో అడిగి తెచ్చుకున్న ఫిల్టరు కాగితాలు నాలుగు, గాజు గరాటు ఒకటి ఉన్నాయి. వడగట్టాను. ఇంకా కొంచెం రంగు ఉంది. కడిగి ఆరబెట్టిన బొగ్గును మెత్తగా నూరి, దాని మీదుగా మళ్లీ వడగట్టాను. బెల్లం వేస్తే మళ్లీ మట్టి వస్తుంది కాబట్టి వేయలేదు. ఉప్పు వేయలేదు. ఉప్పంటే నా లెక్కలో బూడిద.

గంజెడు కషాయం పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చుక్క చుక్కగా దిగితే రెండు గిలాసలు వచ్చింది. ఎండలో పెట్టి చూశాను. గోడ మీది కాలెండరు అంకెలు అవతలి నుంచి కనపడ్డాయి. ఆ రోజు నేనెంత సంతోషపడ్డానో రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. కాగితం మీద మిగిలిన పచ్చటి ముద్దను పెంటకుప్పలో పారేశాను. ఫ్యాక్టరీలో మడ్డిని అట్లాగే పారేస్తాం.

అవ్వ గిలాస ఎత్తి చూసింది, వాసన చూసింది.

“ఇవి నీళ్లు.”

“నీళ్లు కాదు, మందు.”

“రంగు లేదు, వాసన లేదు. నీళ్లే. బాలింతకు ఇన్ని నీళ్లు తాపుతవారా?”

“ఇన్ని కాదు. మూడు గంటలకోసారి ఒక చిన్న సీసెడు.”

ఆ కొలతకు అవ్వ ఒప్పుకుంది. చిన్న సీసాలు ఎనిమిది కడిగి, నింపి, ఒక్కోదాని మీద వేళ రాసిన చీటీ అంటించి, అక్క మంచం పక్కన కిటికీ గూట్లో వరుసగా పెట్టాను. మధ్యాహ్నం రెండింటి షిఫ్టుకు వెళ్లిపోయాను. బుధవారం కూడా అదే పని. ఇంటికి వచ్చి చూస్తే సీసాలు వేళకు ఖాళీ అయి ఉండేవి. అక్క తాగిందని రాసుకున్నాను. ఎన్నిసార్లు బయటికి పోయిందో కూడా రాసుకున్నాను. ఆ అంకె తగ్గలేదు.

తగ్గింది పాలు. మంగళవారం సాయంత్రానికే పాప రొమ్ము నోట్లో పెట్టుకుని కాసేపు చప్పరించి, వదిలేసి ఏడుస్తోంది. మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ ఏడుస్తుంది. బుధవారం ఆ ఏడుపు కూడా సన్నబడింది. అక్క పాపను అటు మార్చి, ఇటు మార్చి కూర్చునేది. పరాచకాలు ఆగిపోయాయి. అవ్వ పక్కింట్లోంచి మేకపాలు తెచ్చి నీళ్లు కలిపి ఉగ్గు గిన్నెతో పోసింది. పాప సగం తాగి సగం కక్కింది.

గురువారం పొద్దున అక్క పెరటి గుమ్మం దగ్గర లేవబోయి లేవలేక అక్కడే కూర్చుండిపోయింది. నేనూ అవ్వా చెరో రెక్క పట్టుకుని తెచ్చాం. కళ్లు లోపలికి పోయాయి. అవ్వ అక్క ముంజేతి మీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. చర్మం పట్టినచోట అట్లాగే నిలబడింది. మా నాన్న, బాపు అంటాం, చెరుకు కోతల దగ్గరున్నాడు. ఆయన్ను పిలిపించి బండి కట్టించి సిద్ధంగా ఉంచాం. నేను సైకిలు మీద బోధన్ వెళ్లి డాక్టరుకు చెప్పాను. సాయంత్రానికి తేరుకోకపోతే తీసుకురండి, సెలైను ఎక్కిద్దాం, ఈలోపల ఏదో ఒకటి తాగిస్తూ ఉండండి అన్నాడు.

నేను తిరిగొచ్చేసరికి నా గరాటూ, కాగితాలూ, బొగ్గూ అన్నీ అరుగు మీద కుప్పగా ఉన్నాయి. పొయ్యి మీద పెద్ద గంజు ఉడుకుతోంది.

“నీ సామాన్లు నా పొయ్యికాడికి తేకు” అంది అవ్వ.

జామాకు, బెల్లం, ఉప్పు. అదే రంగు, అవే నలుసులు. అవ్వ అక్క తల తన ఒళ్లో పెట్టుకుని గిలాస తర్వాత గిలాస తాగించింది. నీళ్లను లెక్కపెట్టి ఇచ్చే అవ్వ కషాయాన్ని లెక్కపెట్టలేదు. డ్యూటీకి పోకుండా కూర్చుని నేను లెక్కపెట్టాను. పొద్దు గుంకేలోపల పద్నాలుగు గిలాసలు. బండి వాకిట్లో కట్టి ఉండగానే అక్క కళ్లు తెరిచి పాప ఏదని అడిగింది. శుక్రవారం మధ్యాహ్నానికి విరేచనాలు రెండుకు దిగాయి. శనివారం పలచటి జొన్న గటక తాగింది.

పాలు మాత్రం మళ్లీ సరిగా రాలేదు. అవ్వ మెంతులు పెట్టింది, వెల్లుల్లి పెట్టింది, కొబ్బరి పెట్టింది. పది రోజులు కొంచెం కొంచెం వచ్చి ఆగిపోయాయి. అక్క పాపను రొమ్ముకు పెట్టుకుని ఎదురుచూసేది. పాప రెండుసార్లు చప్పరించి మొహం తిప్పుకునేది. మేకపాలతో పెరిగింది. ఇప్పుడు మా వాళ్లల్లో అందరికంటే గట్టిగా అరిచేది అదే. కానీ అత్తగారింటికి పోయేరోజు అక్క బస్సులో ఉగ్గు గిన్నెను గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టుకుంటుంటే చూశాను. దాన్ని నలుగురికీ కనపడకుండా పెట్టుకుంటోంది.

అప్పటి నుంచి నన్ను పట్టుకున్న ప్రశ్న ఒకటే. అక్క పాలు నా వల్ల ఆగిపోయాయా? అవ్వ కషాయంలో ఉన్నవీ, నా సీసాలో లేనివీ ఏమిటని పట్టిక వేశాను. ఆకులోని పసుపు పదార్థం. బెల్లం. ఉప్పు. ఇంకొకటి, నీళ్లు ఎన్ని అన్నది. అవ్వ ఒక్కరోజులో ఇచ్చినదానిలో ఏడో వంతుకు మించి నేను ఇవ్వలేదు. వీటిలో ఏది అక్కను నిలబెట్టింది? ఏదీ కాక, జబ్బు దానంతటదే తగ్గే రోజు గురువారమే అయిందా? డాక్టరిచ్చిన మాత్రలు కూడా ఆ రోజుకే పనిచేయడం మొదలుపెట్టాయా?

గానుగ సీజను అయిపోయాక, ఎండాకాలంలో నిజామాబాద్ వెళ్లాను. కాలేజీలో నాతో చదివిన స్నేహితుడొకడు అక్కడ జంతుశాస్త్రం చెప్తున్నాడు. కంఠేశ్వర్‌లో గది తీసుకుని ఉండేవాడు. పేగుల మీద పరిశోధన చేయాలని వాడికి పిచ్చి. గాజు పని చేసేవాడితో చిన్న పెట్టె చేయించుకున్నాడు. రెండు గదుల పెట్టె, మధ్యలో కిటికీ. ఆ కిటికీకి మేక పేగు ముక్కను పరదాలాగా బిగిస్తాడు. రెండువైపులా వేడి ఉప్పునీళ్లు పోసి, చిన్నగా గాలి బుడగలు వదులుతాడు. ఫిజిక్సు వాళ్ల దగ్గర అడిగి తెచ్చిన మీటరు ఒకటి. పేగు గోడ గుండా ఉప్పు అటూ ఇటూ కదిలితే సన్నటి కరెంటు పుడుతుందనీ, మీటరు ముల్లు దాన్ని చూపిస్తుందనీ చెప్పాడు.

నేను సంచిలోంచి మా పెరటి జామాకు తీశాను. వాడు నవ్వాడు.

“అరె, అందరు దోస్తును సూడనీకె వస్తే పండ్లు తెస్తరు. నువ్వు ఆకులు తెచ్చినవ్. నేనేమన్న మేకనా?”

“మేకవి నువ్వు కాదు. నీ పెట్టెలోకి వచ్చేది మేక.”

మర్నాడు పొద్దున్నే కసాబు దగ్గరికి వెళ్లి, వెచ్చటి పేగు ముక్కను థర్మాసు ఫ్లాస్కులో వేసుకుని వచ్చాం. గంట, గంటన్నర కంటే ఎక్కువ బతకదన్నాడు. పెట్టెలో బిగించాక వాడు నాకు చెప్పినది ఇది. పేగు గోడ ఒక గోడ కాదు, రాకపోకలున్న గడప. ఉప్పు లోపలి నుంచి ఒంట్లోకి పోతే దాని వెనక నీళ్లూ ఒంట్లోకి పోతాయి. ఉప్పు ఒంట్లోంచి పేగులోకి వస్తే నీళ్లు కూడా పేగులోకి వచ్చేస్తాయి. విరేచనాలంటే అదే. చక్కెర పక్కన ఉంటే ఉప్పు లోపలికి పోవడం సులువు, రెండూ కలిసి ఒకే తలుపులోంచి పోతాయి.

వాడు పేగు లోపలివైపు నీళ్లలో కొంచెం గ్లూకోజు వేశాడు. ముల్లు కుడికి జరిగింది.

“సూసినవా? ఉప్పు లోపటికి పోతుంది.”

నీళ్లు మార్చి, ఉప్పూ బెల్లం లేకుండా వట్టి ఆకుతో కాచిన కషాయం చుక్కలు వేశాడు. ముల్లు ఒక నిమిషం కదలలేదు. తర్వాత మెల్లగా కుడికి జరిగింది.

“అంటే ఆకు కూడా ఉప్పును లోపలికి పంపుతున్నట్టేనా?”

“అట్లనే కావాలని లేదు.”

“ముల్లు అటే పోయింది గదా.”

“ఇను. ఉప్పంటే రెండు ముక్కలు. సోడియం ఒకటి, క్లోరైడు ఒకటి. ఒకదానిది ధన విద్యుత్తు, ఇంకోదానిది రుణ విద్యుత్తు. సోడియం లోపటికి పోయినా ముల్లు కుడికే పోతది. క్లోరైడు బయటికొచ్చినా కుడికే పోతది. సోడియం పోతే విరేచనాలు తగ్గుతయ్. క్లోరైడు వస్తే ఎక్కువైతయ్. ముల్లుకు రెండూ ఒక్కటే.”

“మరి ఇప్పుడు ఏది?”

“నన్నడిగితే? సోడియం ఎటు పోతుందో పట్టుకోవాలంటే రేడియో ధార్మిక సోడియం గావాలె. కాలేజీల స్పిరిటు దీపానికే స్పిరిటు లేదు.”

మళ్లీ నీళ్లు మార్చాడు. నేను సున్నంతో, బొగ్గుతో తేర్చిన తేట ద్రవాన్ని చిన్న సీసాలో తెచ్చాను. అది వేశాడు. ముల్లు కదలలేదు. ఐదు నిమిషాలు చూశాం, పది నిమిషాలు చూశాం. కదలలేదు. ఆకులోని ఆ పసుపు జాతి పదార్థాలను ఫ్లేవనాయిడ్లంటారనీ, సున్నం వాటిని పట్టి కిందికి దించుతుందనీ, మిగిలింది ఉంటే బొగ్గు పీల్చేస్తుందనీ వాడు చెప్పాడు. ఆ కథలో నాకు తెలియనిది ఆ పేరొక్కటే.

రైలు దాకా నడుస్తూ నేను లెక్క వేశాను. ఆకులో పేగు మీద పనిచేసేది ఏదో ఉంది, దాన్ని నేను తీసేశాను. అది మంచిదైతే నేను అక్కకు అన్యాయం చేశాను. అది చెడ్డదైతే నేను మేలు చేశాను, అవ్వే అక్కకు కీడు తాగించింది. కానీ అవ్వ తాగిస్తేనే అక్క లేచింది. అంటే ఆకు చేసిన కీడును ఉప్పూ బెల్లం మించిపోయాయా? ఆ రెండూ నేను తీసేసినవే. ఎటు తిప్పినా నాకు తప్పు కనపడుతోంది, ఏ తప్పో మాత్రం కనపడటం లేదు. బోధన్ వచ్చినా రైలు దిగకుండా కూర్చున్నాను. ఎవరో భుజం తట్టి లేపారు.

ఈ సంగతి అక్కకు చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది. రెండో కాన్పుకని ఏడో నెలలో ఇంటికి వచ్చింది. ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని పుట్టబోయే బిడ్డకు పాత చీరెలతో బొంత కుడుతోంది. పక్కన కూర్చుని అంతా చెప్పాను. పసుపు, సున్నం, సోడియం, క్లోరైడు, ముల్లు. దారం పంటితో కొరుకుతూ విన్నది.

“అక్కా, అప్పుడు నీ పాలు పోవుడుకు నేనే కారణమేమో.”

“నువ్వెట్ల?”

“నా తేట మందు వల్ల. రెండు రోజులు పోయినయ్ గదా.”

“గా తెల్లనీళ్లా? అవి నేనెక్కడ తాగిన?”

“ఏంది?”

“ఒక్కటి తాగిన. సున్నపు వాసన, నాలుక కాలింది. కడమయన్ని కిటికీలకెంచి పారబోసిన.”

“సీసాలు ఖాళీగుంటుండె గదా.”

“పారబోస్తే ఖాళీ అయితయా, కావా?”

మరి నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

“నువ్వు ఒక్కొక్క సీస ఎత్తి ఎండకు పెట్టి సూసుకుని మురుస్తుంటివి. చిన్నబుచ్చుడెందుకని.”

“దూప కాలేదా అక్కా?”

“కాకేం? నాలుక పిడచగట్టింది. అవ్వ ఇయ్యకపాయె. నిన్నడుగుదామనుకున్న. నువ్వొచ్చి ఎన్నిసార్లు పోయినవ్, ఏం రంగు అనుడే గని వేరే ముచ్చట లేకపాయె.”

మూడేళ్లుగా నేను వేసిన పట్టికలన్నీ ఒక్క మాటతో పోయాయి. తేర్చిన మందు పనిచేయలేదని నేను తేల్చుకున్నది ఎవరూ తాగని మందు గురించి. ఆ రెండు రోజులు అక్క తాగింది దాదాపు ఏమీ లేదు. అంటే తప్పు సున్నానిది కాదు, బొగ్గుది కాదు. దాంతో నా మనసు తేలికపడాలి. పడలేదు. గురువారం పని చేసింది వట్టి నీళ్లే కావచ్చు, ఆకూ ఉప్పూ బెల్లం ఊరికే దాంతోపాటు వచ్చాయేమో. వట్టి నీళ్లు ఇస్తే కూడా అట్లాగే లేచేదా? అట్లా ఇచ్చి చూసినవాళ్లు మా ఇంట్లో లేరు.

“అవన్ని గిప్పుడెందుకు?” అంది అక్క. “ఈసారి నా పాలు నిలవాలె. పెద్దదాన్ని మేక పెంచింది. దీన్ని నేను పెంచాలె. అవ్వతోటి మాట్లాడు. నాకు దూపైతే నీళ్లియ్యమను. నేను చెప్తే ఇనది. నువ్వు సదువుకున్నోనివి, నీ మాట ఇంటది.”

నా చదువు మీద అక్కకు ఇంకా నమ్మకం ఉందంటే ఆశ్చర్యమేసింది. అదే సాయంత్రం అవ్వ దగ్గరికి వెళ్లాను. బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

“అవ్వా, ఈసారి అక్కకు నీళ్లు దండిగ ఇయ్యాలె.”

“బాలింతకా? ఎవలు చెప్పిన్రు?”

“డాక్టరు. అప్పుడే చెప్పిండు.”

“అప్పుడు చెప్తే గిప్పుడు చెప్తున్నవా?”

అవ్వ చాట ఎగరేసి మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. బాలింతకు నీళ్లియ్యడం తన తల్లి ఎరగదనీ, తన అత్త ఎరగదనీ చెప్పింది. పేగు గురించి చెప్పబోయాను. సోడియం దగ్గరే చెయ్యి అడ్డం పెట్టింది.

“కషాయమైతే ఇస్తవా?” అన్నాను.

“కషాయం వేరు. కడుపు మంచిగుంటే కషాయమెందుకు?”

“పాలు పడుతయ్.”

“జామాకుతోనా? పుస్తకంల ఉందా?”

“ఉంది” అన్నాను. ఏ పుస్తకంలోనూ లేదు. అవ్వతో నేనాడిన అబద్ధాల్లో పెద్దయ్యాక ఆడింది అదొక్కటే.

అవ్వ ఏరడం ఆపింది. “ఎట్ల కాయాలె?”

“గంజు నిండ నీళ్లు పోయాలె. దూపైనప్పుడల్లా తాగాలె. రోజుకొక గంజు అయిపోవాలె.”

“ఎన్ని ఆకులు?”

దాని గురించి నేను ఆలోచించలేదు. ఆకు మంచిదైతే పిడికెడు వేయాలి. చెడ్డదైతే ఒక్కటీ వేయొద్దు. వేయకపోతే అవి నీళ్లు, అవ్వ ఇవ్వదు. ముల్లు కుడికి పోవడం కళ్ల ముందు కదిలింది.

“మూడు” అన్నాను.

“మూడా? మూడేస్తే రంగొస్తదారా?”

“మూడే. నాలుగోది వెయ్యద్దు.”

నేను అంత గట్టిగా చెప్పడం అవ్వ ఎప్పుడూ వినలేదనుకుంటాను. తలూపింది.

అక్కకు కొడుకు పుట్టాడు. అవ్వ రోజూ గంజెడు నీళ్లలో మూడు ఆకులు లెక్కపెట్టి వేసి కాచింది. అక్క దూప వేసినప్పుడల్లా తాగింది. పాలు నిలిచాయి. వాడికి ఏడాది దాటింది, ఇంకా రొమ్ము మానలేదు. నీళ్ల వల్ల నిలిచాయా, మూడు ఆకుల వల్లనా, రెండో కాన్పు కాబట్టా, అసలు ఈసారి జబ్బు చేయలేదు కాబట్టా, నేను చెప్పలేను. కంఠేశ్వర్‌లో నా స్నేహితుడికి రాశాను. వాడికి ఇంకా రేడియో ధార్మిక సోడియం దొరకలేదట.

ఇప్పుడు మా వాడలో ఏ ఇంట్లో పురుడైనా అవ్వ వెళ్లి చెప్పొస్తోంది. గంజు నిండ నీళ్లు, మూడే ఆకులు, మా కొడుకు ఫ్యాక్టరీల కెమిస్టు, పుస్తకంల సూసి చెప్పిండు. మొన్న షిఫ్టు దిగి వస్తుంటే వాడ మలుపు దగ్గర ఒక ముసలామె నా సైకిలు ఆపింది. కోడలికి కొత్తగా కాన్పయిందట.

“అయ్యా, నాలుగేస్తే ఏమైతది?”

“నాకు తెల్వదు పెద్దవ్వా.”

నేను ఏదో దాస్తున్నానని ఆమె అనుకున్నట్టుంది. “మంచిది, చెప్పకు. మూడే ఏస్త” అని వెళ్లిపోయింది.